ఐదో వంతు ఎక్కువ

నా నోరు మంచిది కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత చెప్పబోయేది సులువుగా అర్థమవుతుంది. ఫిజీలో, లౌటోకా పట్నంలో నటబువా వైపు ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను. కోపం వస్తే నా ఎదురుగా ఉన్నది పిల్లాడా, ప్రిన్సిపాలా, మా అమ్మా అన్నది నాకు కనిపించదు. అరవడం అయిపోయాక టీ తాగుతాను. టీతో పాటు ఆ సంగతి మర్చిపోతాను. తిట్లు తిన్నవాళ్ళు కూడా అలాగే మర్చిపోతారని చాలాకాలం అనుకున్నాను.

కంప్యూటర్ నాకు ఎవరూ నేర్పలేదు. సైన్యం గద్దె ఎక్కిన ప్రతిసారీ మా స్కూల్లో నలుగురైదుగురు టీచర్లు ఆక్లాండుకో సిడ్నీకో వెళ్ళిపోయేవారు. ఒకసారి కంప్యూటర్ టీచరు కూడా సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆ గది తాళంచెవి నా చేతిలో పెట్టి, "మీరు లెక్కల మాస్టరే కదా, ఏముంది ఇందులో" అన్నాడు. ఏముందో నాకేం తెలుసు, నా మొహం! పుస్తకం ముందు పెట్టుకుని, పిల్లలకంటే ఒక్క పాఠం ముందు చదువుకుంటూ నెట్టుకొచ్చాను. రెండేళ్ళు గడిచేసరికి నాకు అంతా వచ్చేసిందనే ధైర్యం వచ్చింది. అసలు ముప్పు ఆ ధైర్యంతోనే వచ్చింది.

మా అన్న డ్రెకేటిలో వరి పండించేవాడు. అది వనువా లేవు దీవి, మా ఊరి నుంచి పోవాలంటే ఓడెక్కాలి. అన్న కూతురు పదమూడో ఏట చదువు కోసం నా దగ్గరికి వచ్చింది. ఇంట్లో మేము ముగ్గురం, నేను, మా అమ్మ, ఆ పిల్ల. నేను పెళ్ళి చేసుకోలేదు. ఈ నోటితో ఎవరు వేగుతారని అమ్మ అనేది. ఇంట్లో పూర్తి తెలుగు అమ్మ ఒక్కదానిదే. నేను ఆమె దగ్గర మాటలు, ఆదివారాలు తెలుగు సంఘం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. పిల్ల మాటల్లో సగం ఫిజీ హిందీ, పావు ఇంగ్లీషు, మిగిలిన పావు తెలుగు. అదీ అవ్వతో మాట్లాడాలి కాబట్టి.

నోట్లో నాలుక లేని పిల్ల అది. కానీ బుర్ర! నేను బోర్డు మీద లెక్క సగం రాసేసరికి దానికి జవాబు తెలిసిపోయేది. తెలిసినా చెప్పేది కాదు, నేను పూర్తిచేసేదాకా ఆగేది. ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టాక ఆరు నెలల్లో నన్ను దాటిపోయింది. ఆ సంగతి నాకు తెలుసు. పైకి ఒప్పుకోవడమే నాకు చేతకాలేదు.

అప్పట్లో హైస్కూలు పిల్లలకు ఏటా రాజధాని సూవాలో ప్రోగ్రాముల పోటీ జరిగేది. మూడు ప్రశ్నలు, ఐదు గంటలు. మొదటి నలుగురికి బయటి దేశంలో పోటీకి టికెట్టు, దాంతో పాటు యూనివర్సిటీలో ఉచితంగా సీటు. మా పిల్ల హైస్కూలు ఆఖరి తరగతి ఫామ్ సెవెన్‌లో ఉన్న ఏడాదే అన్న పొలం లీజు ముగిసింది. భూమి గలవాళ్ళు తిరిగి ఇవ్వమన్నారు. నలభై ఏళ్ళు నాన్నా, అన్నా దున్నిన మడి. అన్న సామాను సర్దుకుని లంబాసా పట్నంలో ఎవరి ఇంటి వెనకో రేకుల గదిలోకి మారాడు. ఫోన్ చేసినప్పుడు ఒకటే మాట.

"తమ్ముడా, బచ్చీకి సీటు వస్తే నాకు భూమి పోయిన ఫికర్ లేదు. ఫీజు కట్టి చదివించేది నా వల్ల కాదు. నీ చేతిలో పెట్టినా."

"నీకెందుకన్నా, నేను చూసుకుంటా కదా" అన్నాను. చూసుకున్నాను మరి, బాగానే చూసుకున్నాను.

ఇక్కడ కొంచెం మా పని గురించి చెప్పాలి. ప్రోగ్రాం రాసేటప్పుడు, లెక్కలు రాసుకోవడానికి ఇన్ని గళ్ళు కావాలని కంప్యూటర్ని ముందే అడగాలి. అడిగిన గళ్ళు దాటి అవతల రాయబోతే ప్రోగ్రాం పని మధ్యలో కుప్పకూలుతుంది. దాన్ని రన్‌టైమ్ ఎర్రర్ అంటారు. అలాగని ఎన్ని గళ్ళు కావాలంటే అన్ని అడగడానికి లేదు. ప్రతి ప్రశ్న కాగితం మీదా ఇంత చోటుకు మించి వాడకూడదని ఒక హద్దు రాసి ఉంటుంది, అదే మెమరీ లిమిట్. మా స్కూలు కంప్యూటర్లలో అలాంటి హద్దు ఏదీ పెట్టి లేదు, ఎంత అడిగితే అంత ఇచ్చేవి. అందుకని నేను పిల్లలకు ఏం చెప్పేవాణ్ణంటే, "ఆ లైను ఫార్మాలిటీ, పట్టించుకోకండి." నోరారా చెప్పాను. ఒకసారి కాదు, ఏళ్ళ తరబడి.

మా పిల్లకి ఒకే ఒక్క జబ్బు ఉండేది. యంత్రం సున్నా నుంచి లెక్కపెడుతుంది. వంద గళ్ళు అడిగితే వాటి నంబర్లు సున్నా నుంచి తొంభైతొమ్మిది దాకా. పిల్ల మాత్రం మనుషుల్లా ఒకటి నుంచి లెక్కపెట్టి, వందో నంబరు గడిలో రాయబోయేది. ఆ గడి ఉండదు. ప్రోగ్రాం పడిపోయేది.

"చిన్నాన్నా, ఫిర్ సే క్రాష్ హోయ్ గయా."

"మళ్ళీనా? ఏం పెట్టావు?"

"హండ్రెడ్."

"వందే ఎందుకు పెట్టావే? ఇంకొంచెం ఎక్కువ పెడితే మీ నాన్న పొలం పోతుందా?"

ఆ మాట అన్నప్పుడు పొలం నిజంగానే పోయి నాలుగు వారాలైంది. వరండాలో బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తి, "ఏం మాటరా అది? నోరు కడుక్కో" అంది. పిల్ల వందని నూట ఒకటి చేసి మళ్ళీ నడిపింది. ప్రోగ్రాం చక్కగా నడిచింది. నిజానికి అంతకంటే చెయ్యాల్సింది కూడా లేదు. ఒక్క గడి చాలు. నాకు మాత్రం అది చాలలేదు.

"ఒకటి కాదు. ఐదో వంతు. వందకి నూట ఇరవై, వెయ్యికి పన్నెండు వందలు. ఎప్పుడూ, ఏ ప్రోగ్రాంలోనైనా. మన ఇంట్లో అన్నం ఎట్లా కొలుస్తాం?"

"ఐదో వంతు ఎక్కువ" అంది పిల్ల. ఆ సంగతి మా ఇంట్లో పుట్టిన వాళ్ళందరికీ తెలుసు.

అది మా నాన్న పెట్టిన నియమం. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు నాకు ఆరేళ్ళు. డ్రెకేటిలో మా వాళ్ళంతా కలిసి స్కూలు మైదానంలో భోజనాలు పెట్టారు. అన్నం బాధ్యత నాన్నది. పిలిచింది మా వాళ్ళని మాత్రమే. జెండా ఎగిరాక పక్క కోరో నుంచి, అంటే ఫిజియన్ల ఊరి నుంచి, పెద్దలూ ఆడవాళ్ళూ పిల్లలూ అందరూ కదిలి వచ్చారు, కానుకగా, నూరి నీళ్ళలో కలుపుకుని తాగే యంగోనా వేళ్ళ కట్ట పట్టుకుని. ఎంత సంతోషపడాల్సిన సంగతి! చివరి రెండు వరసలకి అన్నం లేదు. పప్పు ఉంది, కూర ఉంది, అన్నం లేదు. వరి పండించే ఊళ్ళో అన్నం చాలలేదు. ఖాళీ గుండిగ ముందు గరిటె పట్టుకుని నాన్న అలా నిలబడిపోయాడు. ఆ రోజు ఆయన భోంచెయ్యలేదు. అప్పట్నుంచి ఎంతమందిని పిలిస్తే అంతకి ఐదో వంతు ఎక్కువ వండడం మా ఇంటి ఆనవాయితీ అయింది. నాన్న పోయాక సంఘంలో రామనవమి భోజనాలకి బియ్యం కొలిచేది నేనే. ఐదువందల మందికి పిలుపులు వెళ్తే ఆరువందల మందికి ఎసరు పెట్టిస్తాను. ఒక్కసారి కూడా మాట పడలేదు. మిగిలినా పరవాలేదు, చాలలేదన్న మాట రాకూడదు. ఆ గర్వం నాకు ఎక్కడ చూపించాలో, ఎక్కడ చూపించకూడదో తెలియలేదు.

పోటీకి ముందురోజు పిల్లని తీసుకుని సూవా వెళ్ళాను. సంఘం వాళ్ళ హాల్లో బస. మధ్యాహ్నం భోజనం అయ్యాక అక్కడి కంప్యూటర్ మీద చివరిసారి ఒక పాత ప్రశ్న ఇచ్చి చెయ్యమన్నాను. పదిహేను నిమిషాల్లో రాసేసింది. నడిపితే పడిపోయింది. మళ్ళీ అదే జబ్బు, సరిగ్గా ఉన్నన్ని గళ్ళే పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరు నెలలుగా చెప్పింది గాలికి పోయిందా అని మొదలుపెట్టాను. హాల్లో పక్క ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలూ, వాళ్ళ మాస్టర్లూ ఉన్నారు. వాళ్ళంతా చూస్తున్నారు. చూస్తున్న కొద్దీ నా గొంతు పెరిగింది.

"విను. రేపు నీకు రన్‌టైమ్ ఎర్రర్ వచ్చిందంటే నా గుమ్మం తొక్కొద్దు. సూవా నుంచి సూటిగా ఓడెక్కి మీ నాన్న రేకుల గదికి పో. అర్థమైందా?"

"అయింది చిన్నాన్నా."

"ఎంత పెట్టాలి?"

"ఐదో వంతు ఎక్కువ."

ఆ మాట విన్నాక నేను శాంతించాను. ఇద్దరం బయటికి వెళ్ళి టీ తాగాం. పైనాపిల్ పై ఇష్టమని ఒకటి కొనిచ్చాను. తింది కూడా. నేను తిట్టింది అక్కడితో మర్చిపోయాను.

మర్నాడు ఐదు గంటల పోటీ. మాస్టర్లు బయట వరండాలో బెంచీల మీద కూర్చోవాలి, లోపలికి తొంగి చూడకూడదు. పిల్లలు రాసినవన్నీ తర్వాత నిర్వాహకులు తమ కంప్యూటర్లో నడిపి మార్కులు వేస్తారు. ఒక్కో ప్రశ్నకి పది పరీక్షలు. బయటికి వచ్చాక మా పిల్ల మొహం ప్రశాంతంగా ఉంది.

"మూడూ చేసినా. మూడోది కూడా నా మెషీన్ మీద నడిచింది."

"మూడోది ఎవరైనా చేశారా?"

"నా పక్కన ఎవరూ చేసింది లేదు."

నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. అన్నకి అప్పుడే ఫోన్ చేద్దామా అనుకుని, ఫలితం చేతికి వచ్చాక చేద్దామని ఆగాను. నాలుగు గంటలకి తలుపు పక్కన కాగితాలు అంటించారు. అందరం ఎగబడ్డాం. మా పిల్ల పేరు ముందు మొదటి ప్రశ్నకి పది. రెండో ప్రశ్నకి పది. మూడో ప్రశ్నకి సున్నా. పక్కనే పది పరీక్షలకీ పది లైన్లు ఉన్నాయి, పదింటిలోనూ ఒకటే మాట. రన్‌టైమ్ ఎర్రర్. మొత్తం మీద ఆరో స్థానం.

అప్పుడు నేను చేసింది రాయడానికి కూడా సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఆ వరండాలో, నలభై మంది మధ్యలో, పిల్ల చెయ్యి పట్టుకుని కాగితం దగ్గరికి లాగాను.

"ఏమిటిది? చెప్పానా లేదా? పెద్దగా పెట్టమన్నానా లేదా? మళ్ళీ పిసినారి లెక్కేనా? ఒక్క మాట వింటే నీ సొమ్మేం పోయేది? నీ నెత్తిన నువ్వే మన్ను పోసుకున్నావు. మీ నాన్నకి ఏం చెప్పను నేను?"

పిల్ల ఆ పది లైన్లనీ పైనుంచి కిందికి చదివింది. నోరు తెరిచింది. నా మొహం వైపు చూసింది. చుట్టూ ఉన్న వాళ్ళని చూసింది. మళ్ళీ నోరు మూసుకుంది.

"సారీ చిన్నాన్నా" అంది.

సందేహం ఉంటే గంటలోపల అడగవచ్చని ఒక నిర్వాహకుడు వచ్చి చెప్పాడు. "అడిగేదేముంది, తప్పు మాదే" అన్నాను. పిల్ల ఏం రాసిందో ఒక్కసారి విప్పి చూడలేదు. చూడాలనిపించలేదు. రన్‌టైమ్ ఎర్రర్ అంటే గళ్ళు చాలకపోవడమే అని నాకు గట్టి నమ్మకం. ఇంకో కారణంతో కూడా అది రావచ్చని నేను చదివిన పుస్తకంలో లేదు.

లౌటోకాలో బస్సు దిగి ఇంటికి రాగానే అన్న ఫోన్ చేశాడు.

"ఏమైంది తమ్ముడా?"

"రాలేదన్నా. చెప్పింది చెప్పినట్టు చెయ్యలేదు."

"దానికి ఇయ్యి" అన్నాడు. పిల్ల ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడింది. అన్న ఏం తిట్టాడో నాకు వినపడలేదు. పిల్ల మాత్రం మధ్యమధ్యలో "హా నాన్నా, నాదే గల్తీ" అంటూ వచ్చింది.

పరీక్షలు మామూలుగా పాసైంది. సీటు కొనే స్థోమత ఎవరికీ లేదు. నా జీతంతో చదివిస్తానన్నాను, అదీ గొణుగుతూనే. "వద్దు చిన్నాన్నా, నీకు చాలా కష్టం ఇచ్చినా" అంది. మూడు నెలల్లో నమాకాలో పని వెతుక్కుంది. విమానాల్లో ప్రయాణికులకు పెట్టే భోజనం ట్రేలు సర్దే వంటశాల. అక్కడే ఇంకో పిల్లతో కలిసి గది తీసుకుంది. దాని సామాను బస్సెక్కించి వచ్చిన రోజు అమ్మ నాతో మాట్లాడలేదు.

రెండేళ్ళు గడిచాక నిర్వాహకులు ఒక మంచిపని చేశారు. మార్కులు వేసే తమ సాఫ్ట్‌వేర్‌నీ, పాత ప్రశ్నలనీ సీడీలో పెట్టి స్కూళ్ళన్నిటికీ పంపారు. పిల్లలు అసలు పోటీలో ఉన్నట్టే సాధన చెయ్యాలని వాళ్ళ ఉద్దేశం. ఒక శనివారం పొద్దున్నే వెళ్ళి దాన్ని కంప్యూటర్లో ఎక్కించాను. పరీక్షించడానికి ఏదో ఒకటి కావాలి కదా. పెన్‌డ్రైవ్‌లో మా పిల్ల ఆ రోజు రాసిన మూడో ప్రశ్న జవాబు ఉంది. నిర్వాహకులు అందరికీ ఎవరిది వాళ్ళకి ఇచ్చినప్పుడు తెచ్చి అలా పడేసిందే. తీసి నడిపాను.

పది లైన్లు వచ్చాయి, పదీ రన్‌టైమ్ ఎర్రర్. చాలా చిన్న పరీక్షకి కూడా, అంటే పది గళ్ళు చాలే పరీక్షకి కూడా పడిపోయింది. నాకు అనుమానం వచ్చింది. గళ్ళు చాలకపోతే పెద్ద పరీక్షలకి పడిపోవాలి గానీ చిన్నదానికి ఎందుకు పడిపోతుంది? అప్పుడు విప్పి చూశాను. రెండేళ్ళ తర్వాత, మొట్టమొదటిసారి.

ప్రశ్నలో ఐదువేల అడ్డవరసలు, ఐదువేల నిలువువరసలు. పిల్ల ఆరువేలు, ఆరువేలు అని పెట్టింది. ఐదో వంతు ఎక్కువ. నేను చెప్పింది చెప్పినట్టు, అక్షరం తప్పకుండా చేసింది.

కాగితం తీసుకుని గుణించాను. గడికి రెండు బైట్ల చొప్పున డెబ్బైరెండు మెగాబైట్లు. ప్రశ్న మీద హద్దు అరవైనాలుగు. హద్దు దాటి చోటు అడిగేసరికి ఆ యంత్రం ఇవ్వనంది. ప్రోగ్రాం మొదటి అడుగు కూడా వెయ్యకుండానే గుమ్మంలోనే పడిపోయింది. అది కూడా రన్‌టైమ్ ఎర్రరే. ఆరువేలు చెరిపి ఐదువేల ఒకటి పెట్టాను. ఇంకొక్క అక్షరం ముట్టుకోలేదు. నడిపాను.

పదికి పది.

మళ్ళీ నడిపాను. మళ్ళీ పదికి పది. ఎన్నిసార్లు నడిపినా అంతే. మొదటి స్థానం వచ్చేది. నాలుగోది కాదు, రెండోది కాదు, మొదటిది. నా తల తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకోవాలి? ఆ పిల్లకి వచ్చిన జబ్బుకి ఒక్క గడి చాలని ఆ పిల్లే కనిపెట్టింది. నేను వద్దన్నాను.

ఇంటికి వచ్చి అమ్మకి చెప్పాను. కంప్యూటర్ సంగతి ఆమెకి ఏం అర్థమైందో గానీ, తప్పెవరిదో అర్థమైంది.

"పిల్లకి చెప్పు. పోయి చెప్పు. ఫోన్‌లో కాదు" అంది.

సరేనన్నానే గానీ వెంటనే వెళ్ళలేదు. మొహం చెల్లలేదు. ఈ వారం పరీక్షలు, వచ్చే వారం వాన, ఆ తర్వాత రామనవమి అని రెండు నెలలు నెట్టాను. రామనవమికి ఐదువందల మందికి పిలుపులు వెళ్ళాయి. బియ్యం కొలవమన్నారు. ఆరువందల మందికి కొలిచాను. మా మాస్టరు చెయ్యి పెద్దదని ఎప్పట్లాగే మెచ్చుకున్నారు. ఆ రోజు నేను భోంచెయ్యలేదు.

ఆ మర్నాడే బస్సెక్కి నమాకా వెళ్ళాను. పిల్లకి ఆ రోజు సెలవు. చిన్న గది, రెండు మంచాలు, కిటికీలో స్టవ్వు. నన్ను చూసి సంతోషపడింది.

"అరే చిన్నాన్నా! ఆవో, బైఠో. అవ్వ ఎట్లా ఉంది?"

మనిషి చిక్కింది. చల్లటి గదుల్లో ట్రేలు సర్దీ సర్దీ వేళ్ళ కొసలు పగిలి ఉన్నాయి. అన్నం పెట్టింది. నేను తినకుండానే మొదలుపెట్టాను. సీడీ సంగతి, ఆరువేల సంగతి, డెబ్బైరెండు సంగతి, ఐదువేల ఒకటి పెడితే పదికి పది వచ్చిన సంగతి, అన్నీ చెప్పేశాను. చెప్పేటప్పుడు దాని మొహం చూడలేక స్టవ్వు వైపు చూస్తున్నాను.

"తప్పంతా నాదేనే. నీది కాదు. నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు."

"నాకు తెలుసు చిన్నాన్నా" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ దినమే. టైప్ చేసేదాని ముందే."

నాకు అర్థం కాలేదు. పిల్ల పప్పు గిన్నె నా వైపు జరుపుతూ, నిన్నటి సంగతి చెప్పినట్టు మామూలుగా చెప్పుకొచ్చింది.

"ముందు ఐదువేల ఒకటే పెట్టినా. రఫ్ పేపర్ మీద గుణించినా, ఫిఫ్టీ వచ్చింది. సరిపోయేది. తర్వాత నీ మాట గుర్తు వచ్చింది. ఆరువేలు పెట్టి గుణిస్తే సెవెంటీ టూ. క్వశ్చన్ పేపర్ మీద సిక్స్టీ ఫోర్ అని ఉంది."

"మరి చూస్తూ చూస్తూ ఎందుకు పెట్టావే?"

"ఆ లైను ఖాలీ ఫార్మాలిటీ అన్నావు కదా నువ్వు. నువ్వు మాస్టర్, నా లెక్క గల్తీ ఏమో అనుకున్నా. ఇంకా..." అని ఆగింది.

"ఇంకా ఏమిటి? చెప్పు."

"ఐదువేల ఒకటి పెట్టి వేరే ఏదో కారణానికి పడిపోయిందనుకో. మాట వినలేదంటావు. ఇంటికి రావద్దన్నావు కదా. ఆరువేలు పెట్టి పడిపోతే నీ మాట విన్నట్టు ఉంటుంది. ఇంటికి రానిస్తావు అనుకున్నా."

అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. టీ తాగి నేను మర్చిపోయిన మాట అది. నాకు ఏడుపు వచ్చింది. ఇంత వయసొచ్చిన మగాణ్ణి, ఆ పిల్ల ముందు కూర్చుని ఏడ్చాను. అది లేచి నీళ్ళు తెచ్చిచ్చింది.

"మరి వరండాలో అందరి ముందు తిట్టానే, అప్పుడైనా చెప్పొచ్చు కదా!"

"అందరి ముందే కదా చిన్నాన్నా. వేరే మాస్టర్లు ఉన్నారు, నీ స్టూడెంట్లు ఉన్నారు. అక్కడ ఎట్లా చెప్తా?"

"మళ్ళీ రాద్దువు గాని. నేను వాళ్ళతో మాట్లాడతాను. ఆ కాగితాలన్నీ పట్టుకెళ్తాను."

"ఏజ్ దాటిపోయింది. రెండేళ్ళు అయింది ముట్టుకోక, అంతా మర్చిపోయినా." నవ్వింది. "కోయి బాత్ నై. ఇక్కడ పని బాగుంది."

బాగుందో లేదో ఆ వేళ్ళు చూస్తే తెలుస్తోంది. ఎంత బతిమాలినా చదువు మాట వినలేదు. రేకుల గదికి నెలనెలా డబ్బు పంపేది అదే, పని మానేసి చదవడం కుదరదు. కనీసం ఒక్క పని చేస్తానన్నాను.

"ఇంటికి పోగానే మీ నాన్నకి ఫోన్ చేసి నిజం చెప్తాను. నీ తప్పు కాదని ఆయనకి తెలియాలి."

అంతవరకూ నెమ్మదిగా ఉన్న పిల్ల మొహం మారిపోయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దు. నాన్నకి చెప్పొద్దు. నా మీద ఒట్టు."

"ఎందుకు?"

"నా మీద గుస్సా అయితే నాన్న ఎన్ని దినాలు ఉంటాడు? బిడ్డని కదా. నీ మీద గుస్సా అయితే మళ్ళీ మాట్లాడడు. భూమి పోయింది నాన్నకి. అక్కడ ఎవరూ లేరు. శనివారం నీ ఫోన్ ఒక్కటే ఉంది. పొద్దున నుంచి దాని పక్కనే కూర్చుంటాడు. అదీ పోతే ఏం చేస్తాడు?"

సరే, చెప్పనన్నాను. వచ్చే ముందు డబ్బాలో అన్నం సర్ది ఇచ్చింది, దారిలో తినమని. బస్సులో మూత తీసి చూశాను. ఇద్దరికి సరిపడా పెట్టింది.

ఇది జరిగి చాలా ఏళ్ళైంది. అమ్మ పోయింది. పిల్ల ఇంకా ఆ వంటశాలలోనే ఉంది, ఇప్పుడు పదిమంది మీద పెద్ద. నేను రిటైరయ్యాను. బియ్యం కొలిచే పని వేరేవాళ్ళకి అప్పజెప్పేశాను. శనివారం ఫోన్లు మాత్రం ఆగలేదు. అన్నకి వినికిడి తగ్గింది, గట్టిగా మాట్లాడాలి. వాతావరణం, మోకాళ్ళ నొప్పులు, ఎవరు పోయారు, ఎవరు సిడ్నీ వెళ్ళారు, అన్నీ అయ్యాక చివరికి ఎప్పుడూ అక్కడికే వస్తాడు. మొన్న శనివారం కూడా వచ్చాడు.

"దానికి బుర్ర ఉండింది తమ్ముడా. మాట వినే గుణమే లేదు. నువ్వు అంత మెహనత్ చేసి చెప్పినావు. నీ మాట ఒక్కటి విని ఉంటే ఈ దినం అది ఎక్కడో ఉండేది కదా?"

"అవునన్నా" అన్నాను. ఆయనకి వినపడలేదు. గట్టిగా మళ్ళీ చెప్పాను.